పావు కిలో

వేట నిషేధం ఎత్తేసిన మొదటి ఆదివారం
హార్బర్ గేటు దగ్గర
మంచు ముక్కలు తొక్కుకుంటూ నడిచాను.
బోట్లు తెల్లారకముందే వచ్చేశాయట.
గంపల్లో తెల్ల రొయ్యలు,
ఒకదాని మీసాల్లో ఒకటి చిక్కుకుని.

ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి.
ఎంత మొండి సంధినైనా విడదీస్తాను గానీ
రొయ్యకి తల ఎక్కడ ఆగుతుందో
ఒళ్లు ఎక్కడ మొదలవుతుందో
నిజంగా నాకు తెలీదు.

"ఈగ వాల్తందో నేదో సూడండి మాస్టారూ,
ఈగే ఒద్దనుకున్నదాన్ని మనమేటి తింటాం!"
అంది నూకరత్నం.
ఒక్కోదాని తల పట్టుకుని ఊపింది.
వదులైతే నిన్నటిదట, బిగువుంటే ఇవాళ్టిది.
పావు కిలో తూయించింది.
నాకొక్కడికీ అది ఎక్కువే.

పెదవాల్తేరులో, మా మేడమెట్ల కింద
పీట వేసుకు కూర్చుంది.
ఎడమచేత తల, కుడిచేత ఒళ్లు,
ఒక్క మెలిక.
కాళ్లవైపు నుంచి బొటనవేలు దూర్చితే
తడిసిన చొక్కాలా ఊడొచ్చింది పెంకు.
తోక కొసని మాత్రం వదిలేసింది,
"పట్టుకోడానికి ఏదోటి ఉండాల కదా."
నేను ఒకటి ఒలిచేలోగా
తను తొమ్మిది.

వీపు మీద చాకుమొనతో గీత,
తప్పు కింద నేను ఎర్రసిరాతో గీసేదానికన్నా సన్నగా.
కొబ్బరి ఈనెతో నల్ల నరాన్ని లేపి
తెగకుండా లాగాలి.
నాది ప్రతిసారీ సగంలో తెగింది.
"తొందరేటి? రైలెల్లిపోద్దా?"

గళ్లుప్పు చల్లి పిసికితే
జిగురంతా నురగై గిన్నె అంచుకొచ్చింది.
"కుళాయి కింద ఒగ్గీకండి,
నీళ్లు తాగేసి దూదైపోద్ది."
చివరి కడుగు ఉప్పేసిన ఐసునీళ్లలో,
పది నిమిషాలు.
తర్వాత నా పాత పంచెముక్క మీద పరిచి
పసిదాని తల తుడిచినట్టు అద్దింది.
"తడి మిగిలితే ఏగదు, ఉడుకుద్ది."
పసుపు, కారం, దంచిన అల్లం.
నిమ్మకాయ కొయ్యబోయాను,
చేతిమీద ఒకటి వేసింది.
"దించాక! పులుపు ముందే పడితే
పొయ్యెక్కకుండానే బిగిసిపోద్ది."

ఇదంతా కంపెనీలో నేర్చిందే.
పదకొండేళ్లు, నిలబడి, మంచుగడ్డల ముందు,
కిలోకింత అని.
వేళ్లు ఉన్నాయో లేవో
సాయంత్రం బస్సెక్కాకే తెలిసేది.
"నానొల్సినయ్యి ఓడెక్కి ఎల్లిపోయీవి.
ఏ ఊరోళ్లు తిన్నారో,
ఎలాగొండుకున్నారో!"
ఒక్కటీ ఆమె నోటికి రాలేదు.

వేళ్లు చాచి చూపించింది.
కొసలు అరిగిన పావలాబిళ్లలు,
గీతల్లేవు.
రేషన్ మిషను మీద బొటనవేలు పెడితే
నెలనెలా అదే గొడవ.
"నువ్వు నువ్వు కాదంటాదండి అది" అని నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
గిన్నెలో నీళ్లు మార్చాను,
అవసరం లేకపోయినా.

మూకుడు బాగా కాగాక
ఒకదానికొకటి తగలకుండా వేసింది.
"ఇక్కడే సూడాల మాస్టారూ,
సగం వంగితే దించీయాల,
మొత్తం సుట్టుకుంటే రబ్బరే."
నేను వంగి చూశాను.
అరసున్న!
అచ్చులోంచి ఏనాడో జారిపోయిన అరసున్న,
పిల్లలెవ్వరూ గుర్తుపట్టని అరసున్న,
నా మూకుట్లో ఎర్రగా ఇరవైచోట్ల.
నిండుసున్న అయ్యేలోపు పొయ్యి కట్టేశాను.
ఇన్నేళ్ల చదువూ
ఆ ఒక్క నిమిషానికి పనికొచ్చింది.

మొదటి ముక్క ఆమె చేతిలో పెట్టాను.
వద్దంది, మళ్లీ తీసుకుంది.
గోడకి ఆనుకుని, కళ్లు మూసుకుని
తోకదాకా నిదానంగా నమిలింది.
మెట్లమీద పిల్లి కూడా ఆగింది.
నేను పరీక్ష రాసిన కుర్రాడిలా నిలబడ్డాను.

కళ్లు తెరిచి,
"ఉప్పు సాల్నేదండి" అంది.