బక్కబాకా

యాకయ్య సంచిలకెంచి తీసి నా ముందట పెడితే
బండిచక్రమంత బాకాలు చూసిన నా కన్ను
ఇదేందని చిన్నబోయింది.
మూడు మీటలు, నాలుగు మెలికలు,
జానెడు మూతి.
గొట్టంల నా చిటికెనవేలు సగం పోయి ఆగింది.

"బాసే," అన్నడు. "బక్కది గని బాసే.
కాజీపేట రైల్వేల బ్యాండు బందైననాడు
మా నాయన తూకంల కొన్నడు.
రెండు కిలోల మీద పావు."

పెంబర్తిల మాకు ఇత్తడంటే
తలుపు మీది రేకు, గజలక్ష్మి, ప్రభావళి.
లక్క మీద పండుకొని సుత్తె మాట వినేది.
ఊపిరి పట్టేది కాదు.
అయినా జిల్లాల బ్యాండోళ్ల సొట్టలన్ని
నా కొలిమికే వస్తయి.

దీని గుణం యాకయ్యే చెప్పిండు, చాయ్ చల్లారేదాక.
లావు గొట్టం ఎంత పోసినా తాగుతది.
ఇది సూదిబెజ్జం.
ఊపిరి కొంచెమే అడుగుతది,
కాని పేనిన ఊపిరి అడుగుతది, నూలు లెక్క.
జోరు చేస్తివా, రేకు చినిగినట్టు ఒర్రుతది.
మెల్లగ పోతివా, గోడ అవతల ఎవరో
మనసుల మాట చెప్పుకున్నట్టుంటది.
పై స్వరాలు ఇరుకిరుకుగ కూసుంటయి,
జాతరనాటి ప్యాసింజరు పెట్టెల మనుషులోలె.
పెదవి ఇంత జారిందా, పక్కోని ఒళ్లె పడ్డట్టే.
ఇగ అన్నిటికన్న కింది స్వరం,
అది లేదు.
ఉన్నదని నమ్మి ఊదాలె.
నమ్మితె వస్తది, ఒక్కొక్కనాడు.

మూడో మెలిక కింద సొట్ట.
చింతగింజంత. పాతది, అంచులు నల్లబడ్డది.
అతను దానికోసం రాలే.
నడిమిట్ల మీట కరుసుకుంటున్నదని వచ్చిండు.
మీట బాగుచేసిన. చేతులు ఊకుండక
ఉక్కుగుండ్లు ఒకదాని ఎంట ఒకటి దొర్లించి
సొట్ట గూడ తీసిన.
మా అయ్య బతికుంటే వేలుతోని తడిమి
ఏమనకపోవు. అదే ఆయన మెచ్చుకోలు.

వారం తిరగలే.
శుక్రారం పొద్దుగాల మొదటి బస్సుకే దిగిండు,
రాత్రి బారాతు కోటు విప్పనేలేదు,
భుజాల మీద బంగారు కుచ్చులు.
"నా సొట్ట నాకియ్యన్నా."

నవ్విన. అతను నవ్వలే.

ఇరవయ్యొక్క ఏండ్లాయె, ఆ సొట్ట కాడ పంచమం కుంగుతది.
కుంగినంత మేర పెదవి బిగబడతడు.
ఇప్పుడు సొట్ట పోయింది.
పెదవికి ఆ సంగతి తెల్వదు.
రాత్రి సరిగ్గ పోచమ్మమైదాన్ మలుపు కాడ
ఆ ఒక్క స్వరం ఎగిరి కప్పు మీద కూసున్నదట.
క్లారినెట్టు సారంగం తిరిగి చూసిండట.
పెండ్లికొడుకుకు తెల్వలే.
గుర్రానికి తెలిసినట్టుందట.

"మంచిగున్న గొట్టానికి సొట్ట పెట్టాల్నా?
మా ఇంటావంటా లేదు," అన్న.
అతను పీట జరుపుకొని కూసున్నడు.

సుత్తెకు పాత దోతి ముక్క చుట్టిన.
అతను ఊదుడు, నేను కొట్టుడు.
కొట్టినప్పుడల్ల స్వరం ఉలిక్కిపడి
ఇంత కిందికి దిగుడు.
"ఇంక."
కొట్టిన.
"ఇంక జెర్రంత."
బజార్ల మేకలు ఆగినయి.
హైవే మీద లారీలు ఆగలే.
ముప్ఫై ఏండ్లు నా సుత్తె నా కన్నుతోని నడిచింది,
ఇయ్యాల ఇంకొకని చెవి పట్టుకొని
గుడ్డిదాని లెక్క పోతున్నది.
"ఆగు."

ఆగిన.

పంచమం ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకున్నడు.
మల్ల కళ్లు మూసి, దవడ వదులుజేసి
ఆ కిందిదానికి పోయిండు, ఆ లేనిదానికి.
గాలొచ్చింది. ఉత్త గాలి, తడిగ.
"ఇయ్యాల కాదు," అని బాకాతోనే అని
సంచిల చుట్టుకున్నడు.

నా బిడ్డ హైమావతి లెక్కల బుక్కు పట్టుకొని నిలబడ్డది.
మీటకు ఎనభై.
సొట్ట తీసినందుకు నూటిరవై.
"పెట్టినందుకు ఎంత రాయాలె, బాపూ?"
యాకయ్య జేబులు తడుముకుంటున్నడు.
నేను సుత్తె మీది గుడ్డ విప్పుతున్న, విప్పుతనే ఉన్న.
అంతల వరంగల్లు బస్సు హారను కొట్టింది.
నాకు అది
జెర్రంత పైకి పోయినట్టు వినపడ్డది.