అంగుళం గడి

ఫారంలో ఆ గడి అంగుళం వెడల్పు.
పేరు, ఊరు, ఖాతా నంబరు దాటినాక
చిట్టచివర ఉంటది: విద్యార్హత.
వేసవి బడి పంతుళ్ళకి గౌరవ వేతనం రావాలంటే
అది నిండాలంట.
నింపాల్సింది నేను.
ఉలవపాడు హైస్కూల్లో రికార్డు అసిస్టెంటుని,
డిగ్రీ లెక్కల్లో రెండుసార్లు తప్పినదాన్ని.

రోహిణి కార్తె. గోడవతల తోటలో
బంగినపల్లి కాయలు దించే కేకలు.
ఆరో తరగతి గదిలో ఖుర్షీద్ బీ
జాకెట్టు చేతిని కుట్లు విప్పి బల్ల మీద పరిచింది.
"గుండ్రంగా తొడుక్కుంటారు గదా,
విప్పితే చూడండి, అల మాదిరి వొంపు.
ఎట్ట వచ్చింది?"
పిలకాయలు తమ భుజాలు తడుముకున్నారు.
కందుకూరులో ఆమె మిషను కింద
ముప్పై ఏళ్ళ కత్తిరింపులు.
గడిలో మాత్రం: ఐదు, ఉర్దూ మీడియం.

మాలకొండయ్యకి ఎడమచేతికి మూడే వేళ్ళు.
మిగతా రెండూ చీమకుర్తి క్వారీలో
ఏ బండతోనో ఓడెక్కి పోయినాయంటాడు.
"మీకు పది గనక పదితో లెక్క.
నాకు ఎనిమిదే.
నా లోకంలో ఏడు తర్వాత
ఒకటి పక్కన సున్నా!"
వెనక బెంచీ రసూలు
రెండు వేళ్ళు మడిచి
ఆ లోకంలోకి పోయి వచ్చాడు.

ఇజ్రాయేలు రైల్వే గేటు కాడ రిటైరైనాడు.
పుస్తకంలో ఎదురెదురు రైళ్ళ లెక్క రాగానే
అద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"ఇందులో ఒకటి రాయలేదబ్బయ్యా.
గేటు పడింది.
అవతల ఆటోలో ఒకామె నొప్పులు పడతా ఉంది.
గూడ్సు ఇటు, మెయిలు అటు.
ఇప్పుడు చెప్పండి, గేటు ఎప్పుడు లేస్తది?"
అంత భయంతో, అంత ప్రేమతో
ఎవరూ లెక్క చెయ్యడం నేను చూళ్ళేదు.
బెంచీలు లెక్కబెట్టే మిషతో గుమ్మంలో నిలబడి
నేనూ చేశాను.
నన్ను రెండుసార్లు తప్పించిన లెక్కకి
అది చిన్నమ్మ కూతురు.
నాలుగు నిమిషాల పది సెకన్లు. సరిపోయింది.
"మరి బిడ్డ?" అంది ఒక పాప.
"గేటు కాడే పుట్టాడు.
ఇప్పుడు కొండపిలో పంచర్లు వేస్తాడు."

డాక్టర్ యశోధర డిగ్రీలు గడిలో పట్టక
పక్క గడిలోకి పొర్లినాయి.
సముద్రపు నాచు మీద ఏడేళ్ళ పరిశోధన.
మొదటి వారం ఆమె పాఠం ఒక్కరికీ ఎక్కలేదు.
ఒకరోజు కరేడు నించి కొమారి పోలయ్య
తడి గోతంలో నాచు తెచ్చి గుమ్మరించాడు.
ఆమె ముందు బెంచీలో పిలకాయల మధ్యన ఇరుక్కొని
"దీన్ని మీరేమంటారు? దీన్నో?" అని
ఒక్కో పేరూ రాసుకుంది.
నీళ్ళు కారి ఆమె నోటుబుక్కు ఉబ్బింది.

పోలయ్యకి వేట నిషేధం రోజులు గనక తీరిక.
పట్టపగలు చుక్కల పాఠం.
"నల్లబోర్డు రాత్రనుకోండి," అని
ఒక పెద్ద చుక్క, చుట్టూ ఆరు చిన్నవి.
"పిల్లలకోడి. దీన్ని చూసే ఇల్లు చేరతాం.
ఏమడిగినా చెప్తా,
సంతకం మటుకు అడగబాకండి."

నెల్లూరు ఆఫీసు నించి ఫారం తిరిగొచ్చింది.
ఎర్రసిరా: అర్హతలు స్పష్టంగా లేవు.
కరెంటు పోయిన మధ్యాహ్నం
మళ్ళీ రాయను కూర్చున్నా.
ఖుర్షీద్ బీ పేరు కాడ
"చేతుల లెక్క" అని రాసి కొట్టేశా.
ఎనిమిది రాయబోయి ఒకటీ సున్నా రాశా.
అదీ కొట్టేశా.
కొట్టివేతలతోనే పంపాను.

డబ్బులు ఇంకా రాలేదు.
నిషేధం అయిపోయి పోలయ్య పడవెక్కాడు.
బడి తెరిచారు.
కొత్త లెక్కల సారు బోర్డు తుడుస్తుంటే
ఆరో తరగతి మొత్తం లేచి నిలబడిందంట.
ఏమనుకున్నాడో ఏమో,
ఆ మూల వదిలేసి
పక్కన తేదీ వేసుకుంటున్నాడు.