కొసరు

మగ్గం అమ్మేసినాంక మిగిలింది గుంట.
కొయ్యలు కట్టెల మండీకి పోయినాయి,
గుంటను ఎవరు కొంటారు?
నారాయణవనంలో మా మామ కాళ్ళు
నలభై ఏండ్లు ఆడిన గుంట.
లోపలి మట్టి ఇప్పటికీ మడమలంత నున్నగా ఉండాది.
దాంట్లోనే శెనక్కాయ పొట్టు బెత్తెడు లోతు పోసి
పైన పాత పేపర్లు పరిచి
నూరు క్యాండిల్ బల్బు వేలాడదీసినాడు మాయన.

పుత్తూరు నించి బస్సులో, నా ఒళ్ళో,
తూట్ల అట్టపెట్టె.
కండక్టరు వొంగి చెవి పెట్టి
"వీళ్ళకు టిక్కెట్టు?" అన్నాడు.
యాభైకి దుడ్డిచ్చినాం. పెట్టెలో యాభై రెండు.
రెండెందుకు ఎక్కువ అంటే
అమ్మే ఆయన తలెత్తకుండా
"సావుకు కొసరుమ్మా" అనేసినాడు.

ఆ మాట ఇంటికొచ్చినా నా ఒళ్ళో నించి దిగలేదు.
బెల్లం నీళ్ళల్లో ఒక్కోదాని ముక్కు ముంచతా
నువ్వా కొసరు, నువ్వా, అని చూస్తా ఉంటి.
అన్నీ ఒకే పసుపు. అన్నీ నిన్న పుట్టినవే.

థర్మామీటరు యాడిది మాకు.
బల్బు కింద కుప్ప పడితే చలి.
గుంట అంచులకు పరిగెత్తితే ఉడుకు.
చల్లిన శెనగల మాదిరి అంతటా ఉంటే
మనం పడుకోవచ్చు.
రెండుకు ఒకసారి లేస్తా, నాలుగుకు ఒకసారి.
నా బిడ్డ పుట్టినప్పుడు కూడా ఇంతగా లేవలేదు,
అది నిద్రపోయే రకం.

ఆరో రాత్రి కరెంటు పోయింది.
సీసాల్లో ఉడుకునీళ్ళు పోసి గుడ్డలు చుట్టి పెట్టినాం.
మాయన గుంటలో కాళ్ళు దించి కూర్చున్నాడు,
వాళ్ళ నాయన కూర్చున్న తావునే.
పాదాల మింద ఎక్కి పండుకున్నాయంట.
కదిల్తే నలుగుతాయని తెల్లారేదాకా కదల్లేదు.
తెల్లారి నాలుగు లేవలేదు.
మొదటి రోజు పోయినదాంతో ఐదు.
గోడ మింద బొగ్గుతో గీస్తి:
రెండు గీతలు కొసరువి,
మూడు మావి.

మా హేమాక్షి చేతికి ఒకటి దొరికింది,
కాళ్ళు రెండు పక్కలకు జారిపోయేది.
పడుగులో మిగిలిన ఎర్రనూలు పోగు తీసి
నడాన వేలెడు సందు వదిలి రెండు కాళ్ళకూ కట్టి
"పుత్తూరు కట్టమ్మా, ఎవరూ ఇప్పొద్దండి" అనింది.
యాడాడి నించో ఎముకలిరిగినోళ్ళు వచ్చే సీమ గదా,
కోడికి మాత్రం ఎందుకు పట్టదు?
నాలుగు రోజులకు నిలబడింది.
ఐదో రోజు మేత డబ్బాలో నిలబడి రెట్టేసింది.
కట్టు విప్పినా ఒక కాలికి పోగు అట్లే ఉంచినాం, గుర్తుకు.

మూడో వారానికి అవి పిల్లలు కావు.
గుంట చాలక మగ్గం ఇల్లంతా వాటిదే.
పసుపు పోయి మాసిన తెలుపు.
తినడం, కూర్చోవడం, కూర్చునే తినడం.
కాళ్ళ కన్నా ముందు రొమ్ము పెరిగిపోతాది,
నడవను పుట్టినట్టే ఉండవు.
వాసనకు పక్కింటి షకీలక్క కిటికీ మూసేసింది,
మూసేముందు ఒకటి తనకని చెప్పి పెట్టింది.

నలభై రెండో నాడు మస్తాను తక్కెడ తెచ్చినాడు.
నాలుగేసి, తలకిందులుగా.
అప్పుడు కూడా పెద్దగా అరవవు,
బరువుకు అలసిపోయినట్టు రెక్కలు వదిలేస్తాయి.
ఇంట్లో నలభై ఏడు. షకీలక్కదాంతో కలిపి
తూకమైనవి నలభై ఆరు.
ఎర్రపోగుదాన్ని ఎవరు తలుపెనక్కు నెట్టినారో,
ముగ్గురం ముగ్గురి మొహాలూ చూసుకోలేదు.
ఖర్చులు పోను మిగిలింది ఐదునూట అరవై.

ఆదివారం నేను కత్తి నూరతా ఉంటే
హేమాక్షి తనే పోగు విప్పి పెన్సిలుకు చుట్టుకునింది.
"కారం తక్కువెయ్మా" అనింది.
సంగటి ముద్దల మింద పులుసు పోస్తి.
బాగుండింది, అబద్ధమెందుకు.
ఆ కాలు ఎవరి తట్టలో పడిందో నేను చూడలేదు,
చూసినా చెప్పను.

ఇప్పటికీ రెండుకు మెలకువొస్తాది.
చీకట్లో గుంట దాకా పోయి వొంగి చూసి వస్తా.
బేస్తవారం మళ్ళా పుత్తూరు బస్సు.
ఈసారి నూరుకు ఆరు అడుగు అంటాడు మాయన.
కొసరు బేరం
నాకు చాతకాదు.