తేటనీళ్లు

లంబసింగి చలికని కొన్న తెల్ల స్వెట్టరు.
ఒక్క తెల్లవారుజాము తొడుక్కున్నాడు సన్నిబాబు.
అది పొగమంచు చూసింది,
కాస్త టీ ఒలికించుకుంది,
ఆ తర్వాత తొమ్మిదేళ్లు
ట్రంకుపెట్టెలో కలరా ఉండలతో కాపురం.
విశాఖలో ఉన్నికి పనేముంది?
డిసెంబరులో కూడా ఫ్యాను రెండు మీద తిరిగే ఇల్లు మాది.

మొన్న చేతి అంచు దగ్గర ఒక పోగు గోటికి చిక్కింది.
లాగాను. వచ్చింది. ఇంకా లాగాను.
మూడు గంటల గూడ్సు కంచరపాలెం దాటేసరికి
మనిషి ఆకారం మాయమై
ఒళ్లో సేమ్యాలా వంకర్లు తిరిగిన కుప్ప.
తను ఏ కుట్టులో ఎలా ముడుచుకుని ఉండేదో
పోగు ఇంకా మరిచిపోలేదు.

రంగులకి వెతుక్కోనక్కర్లేదు.
పూర్ణామార్కెట్ సందులో జిలేబీ వేసే మనిషి ఇంట్లో
రంగుపొట్లాలు కాక ఇంకేముంటాయి!
నారింజ, గులాబీ, కేకుల మీద ఆకులకి వాడే పచ్చ,
ఎవరూ అడగక మూలపడ్డ నలుపు ఒకటి.

ముందు పూలదారం ముంచాను, పరీక్షకి.
మెరిసింది.
పంపు కింద పెట్టగానే
ఎవరో తెలీనట్టు రంగుని వదిలేసింది.
"నూలుకి అది సుట్టం కాదే" అంది
గోడ అవతల నుంచి నూకరత్నం.
"గొర్రెబొచ్చుకైతే పడతాది. పులుపు పొయ్యాల."

పోశాను, వినిగర్ రెండు గరిటెలు.
అంచు వంగిన పాత సత్తుగిన్నె,
ఇక వంటకి పిలవనని దానికి చెప్పేశాను.
సన్నని మంట. తెర్లకూడదు. కెలక్కూడదు.
మరీ కదిలిస్తే ఉన్ని అలిగి
అట్టకట్టుకుపోతుందట.

ఒక చివర నారింజ. ఇంకో చివర,
ఏమవుతుందో చూద్దామని, నలుపు.
అది నలుపుగా ఉండలేదు.
నీలం ఒక పక్కకి జరిగింది, ఎరుపు ఒక పక్కకి,
మధ్యలో ఎవరి పక్షానా చేరని ఊదా.
ఇన్నాళ్లూ ఒకే పొట్లంలో
ఇన్ని పోట్లాటలు ఉన్నాయని నాకేం తెలుసు?

నాకు తెలిసిన నలుపు వేరు.
పాతపోస్టాఫీసు దగ్గర అద్దెకున్న ఆరేళ్లూ
మేడమీద ఆరేసిన ప్రతిదానికీ
హార్బరు గాలి అద్దిన నలుపు.
దానికి పులుపు అక్కర్లేదు, సెగ అక్కర్లేదు,
నూలా, ఉన్నా అని అడగదు.
దుప్పటి, వడియం, తులసాకు,
మా అత్త దగ్గిన చేతిగుడ్డ,
అన్నీ దానికి చుట్టాలే.
ఇల్లు మారి పదేళ్లయినా
తెల్లబట్ట ఆరేసే ముందు
ఒకసారి ఆకాశంకేసి చూస్తాను,
వాన కోసం కాదు.

అరగంటకి మూత తీశాను.
గిన్నెలో నీళ్లు తేటగా,
అడుగున సొట్ట కనిపించేంత తేటగా.
రంగంతా పోగు తాగేసింది.
మిగిలింది కాస్త పులుపు వాసన.
ఇంత పూర్తిగా పుచ్చుకోవడం
నేను ఇంతకుముందు చూడలేదు.
స్టవ్ ఆర్పి
ఆ ఉత్త నీళ్లని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

కిటికీ మూసేసి,
రెండు కుర్చీల నడుమ ఆరేశాను.
రాత్రి పదకొండింటికి వచ్చిన సన్నిబాబు
చొక్కా విప్పుతూ ఆగాడు.
"అది నాదేనా?"
"నీదే."
"ఏం చేస్తావ్?"
తెలీదన్నాను.
తడిపోగుని రెండు వేళ్లతో తడిమి
"పాకం సరిగ్గా పట్టింది" అన్నాడు.

తెల్లారి గుమ్మంలో
కవ్వళ్లు అరకేజీ తూచి
డబ్బులందుకుంటూ పైడమ్మ నా చెయ్యి వదల్లేదు.
నారింజ గోళ్లు, నారింజ గీతలు.
"ఓలమ్మో, నువ్వు కూడా జిలేబీలు ఏత్తన్నావేటి?"

తోలు, గోరు, గొర్రెబొచ్చు ఒకే వంశమట,
ఒకసారి పట్టిందంటే అంత తొందరగా వదలవట.
ముప్పై ఏళ్లుగా అతని వేళ్లు ఆ రంగులోనే ఉన్నాయి.
ఇవాళ నావీ.

సబ్బుకి పోలేదు.
నేనూ గట్టిగా రుద్దలేదు.