కాగితాల్లేని వాళ్ళు

నీలం మూత డబ్బా బల్ల మీద పెట్టి
నర్సు కేర్‌స్టిన్ నా వైపు చూసింది.
నాకు రెండు భాషలొచ్చు,
గంటకి ఇరవై రెండు డాలర్లిస్తారు.
ఈ మాట మాత్రం ఏ భాషలోనూ నోట పెగల్లేదు.

"అవ్వా, నీ... పొద్దుటిది, కొంచెం కావాలట."

నో థీ మూ వక్కతో ఎర్రబడ్డ చిగుళ్ళు చూపించి నవ్వింది.
"డెబ్బై ఏళ్ళుగా పారేస్తున్నాను.
ఇన్నాళ్ళకి గిరాకీ వచ్చిందా?"

బాక్టీరియా అంది కేర్‌స్టిన్.
నాకొచ్చిన కరెన్ మాటల్లో వెతికితే దొరకలేదు.
కంటికి కనపడనివాళ్ళు అన్నాను.
అవ్వ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది.
కాదవ్వా, ఆ కనపడనివాళ్ళు కాదు,
పేగుల్లో కాపురముండేవాళ్ళు.

"ఎంతమంది?"
సున్నాలు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను.
"మే లా శిబిరంలో మా గుడిసెకి
ఐదుగురని రాసుకున్నారు.
ఐదు ఫొటోలు, ఐదు వేలిముద్రలు.
ఇంతమందిని వెంటేసుకొచ్చానా!
వీళ్ళకి కాగితాలెవరిచ్చారు?"

అక్కడ వాళ్ళకి రోజూ విందే.
వెదురు మొలకలు, అరటి దూట,
కాడలతో సహా గోంగూర,
చేపల ముద్దలో ఉడికిన పేరు తెలియని అడవాకులు.
మనకి అరగని పీచంతా వాళ్ళ పంక్తికి.
తిని ఊరికే పోరు,
వాళ్ళు వదిలిన పులుపుతో పేగు గోడ బతుకుతుంది.

ఇక్కడ, సెయింట్ పాల్‌లో, మొదటి చలికాలం
అవ్వ గది దాటలేదు.
చర్చివాళ్ళిచ్చిన తెల్ల రొట్టె,
పసుపుపచ్చ జున్ను,
మనవరాలు ఎహ్ టా మోసుకొచ్చే నారింజ సోడా.

పీచు ఆగిపోయింది.
వాళ్ళు కొన్నాళ్ళు ఎదురుచూశారట.
ఆకలికి ఆగలేక కొందరు
పేగు లోపలి జిగురు పొరనే గీక్కుతిన్నారట,
అద్దెకున్నవాళ్ళు గోడ సున్నం నాకినట్టు.
ఖాళీ అయిన వాటాల్లోకి
ఈ ఊరివాళ్ళు దిగారట.

"మావాళ్ళు చచ్చిపోయారా?"

చాలా రకాలు పోతాయి అంది కేర్‌స్టిన్.
ఉన్నదున్నట్టు చెప్పాలి దుబాసీ.
తగ్గారవ్వా, అన్నాను.

శిబిరంలో నలభై ఒక్క కిలోలు.
ఇప్పుడు అరవై ఆరు.
ఒళ్ళు చేశానని మురిసి ఫొటో పంపితే
అక్కడున్న చెల్లెలు రాసింది, రాణిలా ఉన్నావని.
రాణి మెట్లెక్కలేదు ఇప్పుడు.
మోకాళ్ళు కలుక్కుమంటాయి,
చక్కెర మందు పొద్దునొకటి, రాత్రొకటి.

"ఈ బరువు నాదా, వాళ్ళదా?"

కేర్‌స్టిన్ కలం మూసింది.
ఎలుకల్లో చూశారట.
లావాటివాళ్ళ పేగుల్లోని జీవాల్ని
సన్న ఎలుకలో పెడితే
అదే తిండికి ఎక్కువ కొవ్వు పట్టిందట.
మనుషుల సంగతికి
అరచెయ్యి అటూ ఇటూ ఊపింది.
దానికి నా అవసరం పడలేదు.

అవ్వ కాసేపు ఆలోచించింది.
"ఆ ఎలుకని అడిగారా, ఏం తినాలనుందో?"

మర్నాడు డబ్బా
మూడు సంచుల్లో చుట్టుకుని ఫ్రీజర్లో కూచుంది,
చేపల పక్కన.
ఐస్‌క్రీం కోసం తలుపు తీసిన ఎహ్ టా కేక
కింది వాటా దాకా వినపడింది.

తీసుకెళ్ళడానికి వచ్చిన నన్ను ఆపి
అవ్వ పొట్ట వైపు చూపు నిలిపింది. నా పొట్ట వైపు.
"నీలో ఎవరున్నారు?"

శిబిరంలో పుట్టాను.
నాలుగేళ్ళకి విమానమెక్కాను.
ఎవరు మిగిలారో ఎవరూ లెక్క తియ్యలేదు.

అందరి తోటలో తన మడి నుంచి,
మంచు పడేలోపు కోసిన గోంగూర
ఒక సంచి నా చేతిలో పెట్టింది.
వండటం రాదని చెప్పడానికి సిగ్గేసింది.

ఆర్కేడ్ వీధి సిగ్నల్ దగ్గర
వెనక సీట్లో అవ్వ డబ్బా, పక్క సీట్లో ఆకు.
ఒకటి తుంచి పచ్చిదే నమిలాను.
పళ్ళు జిల్లుమన్నాయి.
కాడ గొంతులో గీసుకుంటూ దిగింది.

ఉన్నారా ఎవరైనా?

వెనకున్న కారు హారన్ కొట్టింది.
ఇంకో ఆకు తుంచాను.