సున్నం కొట్టిన బిస్కెట్లు

లాలాపేటలో కరీముల్లా బట్టీ.
రాత్రి పదకొండింటికి రొట్టెలన్నీ దింపేసి
నిప్పులు లాగేశాక కూడా
లోపల ఇంకా వేడి మిగిలే ఉంటుంది.
ఆ మిగులు వేడి మాకు ట్రేకి నలభై రూపాయలు.

సైకిలు క్యారేజీ మీద పిండిముద్ద,
పైన తడిగుడ్డ,
గుడ్డ మీద అమ్మ చూపు.
చెయ్యి మాత్రం కాదు.

మా అమ్మ సంతోషమ్మ
ఇరవై రెండేళ్లుగా యార్డు వెనక కోల్డ్ స్టోరేజీలో
మిరపకాయలకి తొడిమలు తీస్తుంది.
తేజ రకం. కిలోకింతని.
ఆ మంట సబ్బుకి పోదు, చింతపండుకి పోదు,
మజ్జిగలో ముంచితే కాసేపు నిద్రపోతుంది, అంతే.
చిన్నప్పుడు నాకు నీళ్లు పోసింది నాన్న,
కాటుక పెట్టింది పక్కింటి రాహేలత్త.
నన్ను ముద్దు చేయాలంటే అమ్మ
మోచేత్తో చేసేది.

అందుకే పిండి నాది, నోరు ఆమెది.
"వెన్న కరగబెట్టమాకు, మెత్తబడితే చాలు.
పంచదార ఇప్పుడు కొంచెమే, దాని పని తర్వాతుంది.
పప్పు మరీ పొడి చేయమాకు,
పంటికి తగిలి తనెవరో చెప్పుకోవాల."
వేటపాలెం జీడిపప్పే,
గుండ్లు కాదు, బద్దలూ కాదు, నూక.
గుండ్లు కొనే ఇంట్లో చూసిందట ఈ బిస్కెట్టు,
పెళ్లికి ముందు బ్రాడీపేటలో అంట్లు తోమిన ఇల్లు.
గాజు సీసాలో, తెల్లగా, మూత బిగించి.
ఎలా చేస్తారో చూసింది.
రుచి చూళ్లేదు.

ఉసిరికాయంత ఉండలు, నలభై ఎనిమిది.
పొడుగాటి పార మీద ట్రే లోపలికి తోస్తూ కరీముల్లా
"సోడా వేశారా?"
లేదు.
"గుడ్డు?"
లేదు.
"మరి దేంతో నిలబడతయ్యమ్మా ఇవి?"
"నిలబడవు. నోట్లో పడంగానే కూలతయ్.
దానికేగా ఇంత పాటు."

పద్దెనిమిది నిమిషాలు.
ఘాటుకి తుమ్మడం అలవాటైన వీధిలో
కుక్కొకటి తుమ్మకుండా ఆగి
ముక్కు పైకెత్తింది.

పొడి ముందే జల్లించి పెట్టాను, పాత వాయిలు చీర కొంగులో.
మొదటి వరస తొందరపడ్డాను,
వేడికి పొడి కరిగి బంకయింది.
రెండో వరస భయపడి ఆగాను,
చల్లారిన వాటికి పొడి అంటలేదు,
ఎంత దొర్లించినా పరాయిదానిలా రాలిపోయింది.
మూడో వరస నా వేళ్లలోనే విరిగింది.

అమ్మ లేచింది.
కరీముల్లాని పెరుగడిగి మోచేతుల దాకా రుద్దుకుంది, కడుక్కుంది,
మైదాతో రుద్దుకుంది, మళ్లీ కడుక్కుంది,
బల్బు కింద చేతులు తిప్పి తిప్పి చూసుకుంది
ఎవరివో ఎరువు తెచ్చుకున్నట్టు.
ఒక బిస్కెట్టుని చెంపకి ఆనించి
"గోరువెచ్చన," అంది. "ఇప్పుడు."

కాయ చిట్లకుండా, గింజ రాలకుండా
తొడిమ ఒక్కటే లాగే వేళ్లు.
ఒక్క బిస్కెట్టూ విరగలేదు.
తెలుపు మణికట్టు దాకా ఎక్కింది.
అమ్మ గోళ్ల కింద ఎరుపు కనపడని రాత్రి
నాకు తెలిసి అదొక్కటే.
అదే వేలితో నా ముక్కు మీద ఒక చుక్క పెట్టింది.
మండలేదని చెప్పను.

"సున్నం కొట్టిన గోడల్లా ఉన్నయ్," అన్నాడు కరీముల్లా.
మూడు తిన్నాడు.
నలభైకి ఇరవయ్యే తీసుకున్నాడు.

తెల్లారి కోల్డ్ స్టోరేజీలో డబ్బా చేతులు మారితే
అందరి పైటల మీదా తెల్లపొడి.
మేస్త్రీ కోటిరత్నం రెండోది నములుతూ ఆగింది:
"తియ్యగానే ఉంది గానీ సంతోషం,
చివర్లో ఏందో చురుక్కుమంటంది?"

అమ్మ తలెత్తలేదు.
ఇంకో తొడిమ తీసి పక్కన పడేసి
"శొంఠి వేశాంలే," అంది.