రెండు వేళ్ళ సందు

అథ్లోన్‌లో ఆగ్నేయపు గాలి
పొద్దుటినుంచీ దుకాణం రేకు తలుపుని వాయిస్తోంది.
కౌంటరు మీద మూడు జతల స్ప్రింగులు పెట్టాను:
ముప్పై అయిదు, నలభై, అరవై
మిల్లీమీటర్లు దించేవి.
జుబైర్ చెయ్యి అరవై మీదే ఉంది.

ఎనభై తొమ్మిది నాటి సిటీ గోల్ఫ్, ఎర్రది,
కాయితాల్లో వాళ్ళ అవ్వది.
"పైకి తేలిపోయి ఉంది ఆంటీ,
పొట్టి లాగు తొడుక్కున్న పెద్దమనిషిలాగ."

నవ్వాను.
ఇరవై రెండేళ్ళుగా ఇదే కౌంటరు,
కుర్రాళ్ళ కళ్ళల్లో ఇదే ఆకలి,
నేలకి ఇంకాస్త దగ్గరవ్వాలని.

డబ్బులెన్నున్నాయన్నాను. లెక్కపెట్టాడు.
కాయిలోవర్ల మాట ఇద్దరం ఎత్తలేదు.
"ఉన్న స్ప్రింగులే రెండు చుట్లు కోయించేస్తే?"
నేలచూపులు చూస్తూ నసిగాడు.

కోస్తారు, ఎందుకు కోయరు.
గ్రైండరు నిప్పులు చిమ్ముతుంది, అయిదు నిమిషాల పని.
ఆ తర్వాత జాకీ ఎత్తిన ప్రతిసారీ
స్ప్రింగు తన గూడు వదిలి
వదులు పన్నులా కదులుతుంది.
నీ పాత షాకులు పొడుగు కాళ్ళవి,
పొట్టి స్ప్రింగుకి పొట్టి షాకే జోడీ.
ఇక అరవై అంటావా,
ఆర్నెల్లు తిరక్కుండా టైరు లోపలి అంచున తీగలు తేలతాయి.
మీ వీధిలో స్పీడ్ బ్రేకర్లెన్ని?

"పదకొండు."

నీకున్న ఆయిల్ చాంబరు ఒకటి.

బండిలో ఎవరెవరు ఎక్కుతారు?
మొదటే అడగాల్సింది, చివర్న అడిగాను.
"గురువారం గురువారం అవ్వ. డయాలిసిస్‌కి."
అతని చెయ్యి అరవై మీంచి లేచింది,
గాల్లో కాసేపు ఆగింది,
ముప్పై అయిదు మీద వాలింది, మనసు లేకుండా.
రేపొస్తానన్నాడు.

మర్నాడు వచ్చింది గదీజా అవ్వ.
మెడలో కొలతల టేపు.
సాల్ట్ రివర్ బట్టల ఫ్యాక్టరీలో
ముప్పై ఒక్కేళ్ళు అంచులు మడిచిన చేతులు.
చక్రం పక్కన స్టూలు వేయించుకుని
ఇరుసు నడిమి నుంచి రెక్క అంచు దాకా
కొలిచింది. ముందు, వెనక, మళ్ళీ ముందు.
"ఎడమవైపు ఆరు మిల్లీమీటర్లు కుంగింది.
నేను కూర్చునే వైపు."
తన బరువుని తనే పట్టుకున్నందుకు
కిలకిలా నవ్వింది.

"కోయడం మాత్రం వద్దు పిల్లా.
మడిచింది విప్పుకోవచ్చు,
కోసింది నా మాట ఏనాడూ వినలేదు."
టైరుకీ రెక్కకీ మధ్య
రెండు వేళ్ళు అడ్డంగా పెట్టి చూపించింది.
"సందు ఇంత. ఇంతకి ఎక్కువుంటే ఎబ్బెట్టు,
తక్కువుంటే ఆర్భాటం."

నలభై, పొట్టి షాకులతో.
మీ మోకాళ్ళు, అన్నాను, ఎక్కడం దిగడం...

"దానికి వాడి చెయ్యుంది.
ఎత్తు బండి అయితే ఉరికిస్తాడు,
దారిలో గుంటలన్నీ నా నడుములోకే.
కిందికి దిగిన బండి
ప్రతి గడ్డకీ సలాం కొట్టి పోవాలి కదా,
మెల్లగా.
వారానికోసారి బయటికొస్తాను,
వీధి నన్ను సరిగ్గా చూడొద్దూ?"

రెండు గురువారాల తర్వాత
దుకాణం ముందు స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎర్ర గోల్ఫ్.
ఏటవాలుగా ఎక్కుతోంది, ఒక్కో చక్రమే,
వెనక వ్యాను హారను కొడుతున్నా వినకుండా.
ఎడమ కిటికీలో ఎండలాంటి పసుప్పచ్చ స్కార్ఫు.
చెయ్యి ఊపాను.
ఆవిడ నన్ను చూళ్ళేదు.
కిటికీలోంచి వంగి
ముందు చక్రం మీద సందు చూసుకుంటోంది.